లేదన్న మాట

"ఈ తోట గిప్పుడే కొట్టొద్దు. ఇంకిన్ని రోజులు ఆగాలె" అన్నాడు ఆ యువకుడు, సైకిలు గట్టుకు ఆనించి.

"ఆగడం కుదరదండీ" అంది రాధాకుమారి.

అరవై నాలుగో సంవత్సరం, చలికాలం. పొద్దున్నే మబ్బు పట్టి, సూర్యుడి జాడ లేదు. బోధన్ చుట్టుపక్కల నిజాంసాగర్ కాలువ కింద, కోస్తా జిల్లాల నుంచి వచ్చిన రైతులు కట్టుకున్న ఊళ్ళను క్యాంపులంటారు. అలాంటి ఒక క్యాంపులో జగ్గారావు చెరకు పండిస్తాడు. ఆయన ఒక్కగానొక్క కూతురు రాధాకుమారి. తల్లి సుబ్బరత్నం మంచం పట్టినప్పటి నుంచి జగ్గారావు ఆ మంచం పక్కనుంచి కదలడం లేదు. కూలీలు, బళ్ళు, నీటి వంతు అన్నీ ఈ పిల్ల నెత్తిన పడ్డాయి.

పాపం ఆడపిల్ల అని క్యాంపులో అందరూ జాలిపడేవారు. నలుగురిలో ఉన్నప్పుడు ఆమె కూడా నిట్టూర్చేది. కానీ తెల్లవారి చెప్పులు విడిచి తోటలోకి దిగినప్పుడు పాదాలకు తగిలే తడిమన్ను అంటే తనకెంత ఇష్టమో ఎవరికీ చెప్పలేదు. తనకు తాను కూడా చెప్పుకోలేదు.

ఎదురుగా ఉన్నవాడు చక్కెర ఫ్యాక్టరీ ఫీల్డుమన్. ఊరూరా తిరిగి, ఏ తోట పండిందో చూసి, ఎవరు ఎప్పుడు నరకాలో చెప్పడం అతని పని. పేరు రామ్‌దాస్. ఊరు జక్రాన్‌పల్లి. ఈ సీజనుకే కొత్తగా చేరాడు.

ఒక గడ విరిచి, పళ్ళతో తొక్క చీల్చి, నమిలి ఉమ్మేశాడు. "తీపి దిగలే."

"వేపపుల్ల నమిలి వచ్చిన నోటికి తీపి ఎలా తెలుస్తుందండీ?"

"అయితే మీరే నమిలి చెప్పుండ్రి."

ఆమె నమిలింది. చప్పగా ఉంది. మింగి, "తియ్యగానే ఉంది" అంది.

రామ్‌దాస్ ఆమె మొహంలోకి చూసి నవ్వు ఆపుకున్నాడు. "నోరొకటి చెప్తుంది, ముఖమొకటి చెప్తుంది. నేను దేన్ని నమ్మాలె?"

రాధాకుమారికి రోషం వచ్చింది. రోషం వెనకే కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అటు తిరిగి, "మా అమ్మకి బాగోలేదు. చెరకు తోలేస్తే ఊరు తీసుకెళ్దామని నాన్న తొందర. అక్కడి గాలి తగిలితే లేస్తుందని అమ్మ అనుకుంటోంది" అంది.

 అతను కాలువ వైపున్న పొలం చెక్క చూపించాడు. "గా మొడెం తోట పండింది. రేపే కోత ఆర్డర్ ఇప్పిస్త. ముందుగాల గది కొట్టుండ్రి."

"మొడెం ఏమిటి?"

"నరికిన మొదళ్ళ నుంచి మళ్ళ లేచిన చెరుకు."

"దాన్ని కార్శి అంటారు."

"మీరంటరు. అది మొడెమని మా దగ్గర పశువులకు గూడ ఎర్కే."

ఆమె కొంగు అడ్డం పెట్టుకుంది గానీ నవ్వు కనబడనే కనబడింది.

అలా మొదలైంది. నరకడం అవుతున్నన్నాళ్ళూ అతను ఏదో ఒక సాకుతో ఆ గట్టు మీద కనిపించేవాడు. ఒకరి మాటను ఒకరు వెక్కిరించుకునేవారు. ఆమె "అలాగేనండీ" అంటే అతను సాగదీసి అనేవాడు. అతను "సమజైందా?" అంటే ఆమె "అవలేదు, తెలుగులో చెప్పండి" అనేది. సైకిలు గంట వినబడితే ఎందుకో చేతిలో పని మరిచిపోయేది. చలికి ఒళ్ళు జలదరించిందనుకునేది.

సుబ్బరత్నం ఊరు చేరలేదు. మాఘమాసంలో, ప్రయాణానికి మూటలు కట్టి ఉండగానే ప్రాణం విడిచింది. పోయే ముందు కూతురి చెయ్యి పట్టుకుంది. "మావయ్య కొడుకుని చేసుకోవే. నువ్వన్నా మన ఊరు వెళ్ళు. నేను ఈ ఎర్ర బురదలో ఎలా బతికానో నాకే తెలుసు" అంది. రాధాకుమారి తలూపింది. ఆ చూపుకు ఎదురుగా ఇంకేం చెయ్యగలదు?

మావయ్య కొడుకు చెన్నకేశవరావు గుడివాడలో బ్యాంకు గుమాస్తా. మంచివాడు. ఏడాది తిరక్కుండా పెళ్ళి చేస్తే చనిపోయినామె మనసు చల్లబడుతుందని పెద్దలన్నారు. పెళ్ళయ్యాక తానొక్కడూ ఇక్కడెందుకని జగ్గారావు భూమి బేరం పెట్టాడు.

మృగశిర చినుకులు పడ్డ రోజు రామ్‌దాస్ వచ్చాడు. ఆమె కాలువ గట్టు మీద తూము దగ్గర నిలబడి నీళ్ళు చూస్తోంది. వాన పెద్దదైంది. అతని దగ్గర ఒక్కటే గొడుగు. ఆమెకిచ్చి తాను తడుస్తూ నిలబడ్డాడు.

"మీరూ రండి, జ్వరమొస్తుంది" అంది ఆమె.

"గొడుగు కిందికి పిలుస్తున్నరా? ఎవరన్న చూస్తే?"

"ఫ్యాక్టరీ ఆయన జ్వరంతో పడుకుంటే చెరకు ఆర్డర్ ఎవరిస్తారు అంటాను."

అతను నవ్వలేదు. జుట్టులోంచి కారే నీళ్ళు తుడుచుకుని, "ఇంటికాడ బాపుకు పక్షవాతం వచ్చింది. పోవాలె. మళ్ళ వస్తనో రానో. పోయేముందల ఒక మాట అడుగుదామని" అన్నాడు. "నాకు మీరంటే ఇష్టం. మీకు గూడ ఉందని నాకనిపించింది. ఉంటే చెప్పుండ్రి. మా బాపును మంచం మీదనన్న తెచ్చి మీ నాయనను అడిగిపిస్త."

గొడుగు మీద వాన చప్పుడు. రాధాకుమారికి ఆ చప్పుడులో తల్లి గొంతు తప్ప ఏమీ వినబడలేదు.

"నాకు మీ మీద అలాంటి ఉద్దేశం ఏమీ లేదండీ" అంది.

"మీ అమ్మ మాట పక్కకు పెట్టి చెప్పుండ్రి. మీకేం గావాలె?"

"నాకు మా బావనే చేసుకోవాలని ఉంది. మా ఊరు వెళ్ళిపోవాలని ఉంది. చిన్నప్పటి నుంచీ అంతే."

అతను ఆమె కళ్ళలోకే చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. తిప్పుకుంటే దొరికిపోతానని తెలుసు.

"మంచిది" అన్నాడు రామ్‌దాస్. గొడుగు కూడా అడక్కుండా సైకిలెక్కి వానలో వెళ్ళిపోయాడు. నౌకరీ వదిలేసి ఊరు చేరాడని కొన్నాళ్ళకు బళ్ళ వాళ్ళు చెప్పుకుంటే విన్నది.

ఆ వానాకాలం ఎలా గడిచిందో ఆమెకు సరిగా గుర్తులేదు. చెరకు పెరిగింది. మళ్ళలో నీళ్ళు నిలిచాయి. ఇంట్లో తండ్రీ కూతుళ్ళు ఎదురెదురుగా కూర్చుని మాటల్లేకుండా తినేవారు. ఇచ్చిన మాట నిలబెట్టుకుంటున్నాను, ఇంకేం కావాలి అనుకునేది. అనుకున్న ప్రతిసారీ గుండెల్లో ఏదో మూత పడ్డట్టుండేది.

కార్తీకంలో చెన్నకేశవరావు వచ్చాడు. భూమి కొంటానన్న నవీపేట్ ఆసామితో మాట్లాడటానికి జగ్గారావుకు సాయం. పనిలో పనిగా నిజామాబాద్‌లో పెళ్ళి చీరలు కొందామన్నాడు. బజారంతా అతనే మాట్లాడాడు. కొట్టువాడు చీరలు గుట్టగా పోశాడు.

"ఏ రంగు రాధా?"

"ఏదైనా ఫరవాలేదు బావా."

"అంచు?"

"నీకు నచ్చింది."

మధ్యాహ్నం రైలు ఎక్కించడానికి ఆమె, జగ్గారావు స్టేషనుకు వెళ్ళారు. జగ్గారావు తెలిసినాయన కనబడితే ఆగిపోయాడు. ప్లాట్‌ఫారం చివర ఇద్దరే మిగిలారు. మబ్బుగా ఉంది. పట్టాల అవతల ఎవరో చెత్త తగలబెడితే పొగ నేలనే పాకుతోంది.

"మనకి మేడ మీద వాటా దొరికింది" అన్నాడు అతను ఉత్సాహంగా. "గచ్చు నేల. వానొచ్చినా కాలికి మట్టంటదు. కొళాయి ఇంట్లోకే. నువ్వింక ఈ బురద తొక్కక్కర్లేదు."

"ఆ ఆసామి కార్శి ఉంచుతాడా, దున్నేస్తాడా?" అంది రాధాకుమారి.

"ఏమిటి?"

"కాలువ పక్క చెక్క. ఇంకో పంట వస్తుంది దాంట్లో. మొదళ్ళు గట్టిగా ఉన్నాయి. తొందరపడి దున్నేస్తే..." అంటూ ఉండగానే ఆమె బెంచీ మీద కూలబడి ఏడ్చింది. తల్లి పోయినప్పుడు కూడా అలా ఏడవలేదు.

చెన్నకేశవరావు చేతిలో సంచి కింద పెట్టాడు. చుట్టూ చూసి ఆమె పక్కనే, కాస్త దూరంగా కూర్చున్నాడు.

"పొద్దుటి నుంచీ అన్నిటికీ ఏదైనా ఏదైనా అంటున్నావు. నాకు భయమేస్తూనే ఉంది. అడగాలంటే ఇంకా భయమేసింది" అన్నాడు మెల్లగా. "నీకు ఈ పెళ్ళి ఇష్టం లేదా?"

ఇష్టమే అనబోయింది. ఆ మాట నోట్లోనే ఆగిపోయింది. ఇంకెవరితోనో కాదు, ఇన్నాళ్ళూ తనతో తానే చెప్పుకున్న అబద్ధమది. ఈ మంచివాడి జీవితం మీద కూడా దాన్ని పరచబోతోంది.

"లేదు బావా. నీలో లోపం ఏమీ లేదు. నాకు ఇక్కడే ఉండాలని ఉంది. అమ్మకి నచ్చని ఈ బురదే నాకిష్టం. ఇంకొకాయన అంటే కూడా ఇష్టం. ఆయన అడిగితే లేదని చెప్పి పంపించేశాను."

అతని మొహం పాలిపోయింది. "ఈ మాట చెప్పడానికి ఇంత కాలం పట్టిందా? చీరలు కొన్నాక చెప్తావా?"

"నాకే తెలియదు బావా."

"తెలియకేం? తెలుసుకోలేదు" అన్నాడతను. రైలు వచ్చింది. సంచి తీసుకుని ఎక్కాడు. కిటికీ దగ్గర కూర్చుని, "మీ నాన్నకి నువ్వే చెప్పు. మా నాన్నకి నేను చెప్తాను. తిట్లు ఇద్దరం పంచుకుందాం" అన్నాడు. నవ్వబోయి నవ్వలేకపోయాడు. ఆమె చూడకుండా మొహం లోపలికి తిప్పుకున్నాడు.

జగ్గారావు విని కొయ్యబారిపోయాడు. "చచ్చిపోయినదానికి మాటిచ్చి తప్పుతావా?" అన్నది ఒక్కటే మాట. ఆ తర్వాత ఎన్నో రోజులు కూతురితో మాట్లాడలేదు. మావయ్య నుంచి కబురు వచ్చింది, ఇక మీ గడప తొక్కం అని. క్యాంపులో ఆడవాళ్ళు ఆమె ఎదురైతే పక్కకు తప్పుకుని వెళ్ళేవారు.

ఒక పొద్దున తోటలో కోత నడుస్తుంటే జగ్గారావు వచ్చాడు. గట్టు మీద కూర్చుని ఎండుటాకు చేతిలో నలుపుతూ, "నవీపేట్ ఆయనకి వద్దని చెప్పాను" అన్నాడు.

ఆమె కొడవలి ఆపింది.

"అక్కడికెళ్ళి నేను మాత్రం ఏం చేస్తాను? మీ అమ్మ ఉన్నన్నాళ్ళూ ఆ ఊరు, ఆ ఊరు అంటే నేనూ ఊకొట్టాను. ఒక్కసారి కూడా ఎదురు చెప్పలేదు. నాకు అక్కడ ఎవరున్నారు?" ఆయన తోట వైపు చూశాడు. "నీ కోసం వెళ్దామనుకున్నా. నువ్వేమో నా కోసం, ఆవిడ కోసం. ఇంక చాల్లే."

నలిగిన ఆకు పారేసి అడిగాడు. "ఎవరమ్మా ఆ అబ్బాయి?"

చెప్పింది.

"ఆ సైకిలబ్బాయా" అన్నాడు జగ్గారావు. మన కులం కాదు, మన వైపు కాదు అని అంటాడనుకుంది. ఆయన మనసులో అనుకున్నాడేమో కూడా. "నువ్వు లేదన్నావు కాబట్టి నువ్వే వెళ్ళి చెప్పు. వాళ్ళు కాదంటే నువ్వొక్కదానివే విని రా. ఔనంటే నేను వస్తాను" అన్నాడు.

అయినా వెంటనే వెళ్ళలేదు. సిగ్గు, భయం. ఇన్నాళ్ళకు వచ్చావా అంటే ఏం చెప్పాలి? పుష్యం పోయింది, మాఘం పోయింది, తల్లి ఏడాది కూడా అయింది. చివరికి ఒక రోజు నిజామాబాద్‌లో బస్సు మారి జక్రాన్‌పల్లిలో దిగింది.

ఊరంతా పసుపు ఉడుకుతున్న వాసన. రామ్‌దాస్ ఇంటి వెనక కల్లంలో పెద్ద ఇనుప కడాయి పొయ్యి మీద ఉంది. ఆవిరి, పొగ కలిసి మనుషులు మసకగా కనబడుతున్నారు. పక్కన నులక మంచం మీద ముసలాయన పడుకుని ఉన్నాడు. పసుపు కొమ్ములు ఆరబోస్తున్న పెద్దామె తల ఎత్తింది. ఆమె రామ్‌దాస్ తల్లి హన్మవ్వ.

"ఎవలు బిడ్డా? ఏడికెల్లి వచ్చినవ్?"

"బోధన్ నుంచండీ. రామ్‌దాస్ గారితో మాట్లాడాలని."

హన్మవ్వ ఆమెను కింది నుంచి మీది దాకా చూసింది. "క్యాంపు పిల్లవా?"

"మీకెలా తెలుసు?"

"కొడుకు అన్నం ముంగట కూసోని తినకుంట లేస్తే, ఎందుకో ఏ తల్లికన్న తెలుస్తది" అంది. మళ్ళీ కొమ్ముల మీదికి వంగింది.

రామ్‌దాస్ ఆవిరిలోంచి వచ్చాడు. చిక్కిపోయాడు. మోచేతుల దాకా పసుపు. "ఏం పని మీద వచ్చిండ్రు?" అన్నాడు.

"కాలువ గట్టు మీద అబద్ధం చెప్పాను. అది అబద్ధమని చెప్పడానికి వచ్చాను."

"పెండ్లి?"

"వద్దన్నాను."

"ఎప్పుడు?"

"కార్తీకంలో."

"కార్తీకంల వద్దంటే మాఘం పోయినంక వచ్చిండ్రా?"

"భయమేసింది. మీరిలా మొహం పెడతారని."

అతని పెదవి కదిలింది. కానీ నవ్వు రాలేదు. "అమ్మ కోసం లేదన్నరు. గదానికి నాకు కోపం లేదు. నా కండ్లల్లకు చూసుకుంట లేదన్నరు. ఇన్ని దినాలు నేను పిచ్చోని లెక్క తిరిగిన. అంటే నేను చూసిందంత ఉత్తదేనా, నాకే తప్పు సమజైందా అని. నా కండ్ల మీద నాకే నమ్మకం పోయింది."

"మీరు చూసింది నిజమే" అంది రాధాకుమారి. ఇంకే సంజాయిషీ చెప్పలేదు. కళ్ళ నీళ్ళు కారుతుంటే తుడుచుకోలేదు. "ఇంకొకటి కూడా చెప్పాలి. దాచి మళ్ళీ తప్పు చెయ్యలేను. ఆ పెళ్ళి మీ ఒక్కరి కోసమే వద్దనలేదు. ఆ తోట వదిలి నేను బతకలేను. నాకు మీరూ కావాలి, అదీ కావాలి. ఎలా కుదురుతుందో తెలియదు."

"ఎట్ల కుదుర్తది? బాపు గిట్ల పడ్డడు. బాపును ఇడిసిపెట్టి నేనేడికి వస్త?"

మంచం మీది నుంచి తండ్రి పోశన్న మాట వంకరగా, ఒక్కో ముక్కా వచ్చింది. "నన్నెందుకు... నడుమల పెడ్తవురా? పోవాలనుంటే పో. ఉండాలనుంటే ఉండు. బాపు బాపు అనకు."

రామ్‌దాస్ తల వంచుకున్నాడు. చేతులకంటిన పసుపు చూసుకుంటూ, "నాకు గీ పసుపు గూడ ఇష్టమే బాపు. అందుకే పోబుద్ధి అయితలేదు" అన్నాడు.

"అయితే గట్లనే చెప్పు" అంది హన్మవ్వ. "చెరుకు కొట్టేటప్పుడు గాడ, పసుపు తవ్వేటప్పుడు గీడ. నడుమ బస్సులు లెవ్వా?"

"రెండు గూడ ఒక్కసారే వస్తయ్ అవ్వా."

"అయితే లడాయి గూడ ఏడాదికి ఒక్కసారే అయితది" అంది హన్మవ్వ. లేచి, రాధాకుమారికి కూర్చోమని చాప వేసింది.

సాయంత్రం బస్సు దగ్గరికి రామ్‌దాస్ వెంట వచ్చాడు. మబ్బు కమ్మి, ఎప్పుడైనా చినుకు పడేలా ఉంది. కల్లాల్లో వాళ్ళు ఆరబోసిన పసుపు మీద గోనెలు కప్పుతున్నారు.

"నా కోపం ఇంకా పోలే" అన్నాడు బస్సు కనబడ్డాక.

"తెలుస్తూనే ఉంది."

"మీ బాపును తోలుకొని రా. పెద్దమనుషుల మాట అయినంక చూద్దాం. నువ్వు గూడ రా."

నువ్వు అన్న మాట ఆమె విన్నది. విననట్టు, "మా నాన్నగారికి మీ మాటలు సగమే అర్థమవుతాయండీ" అంది.

"మిగతా సగం నువ్వు చెప్పు. ఉన్నది ఉన్నట్టు చెప్పు" అన్నాడతను. అప్పుడు కొద్దిగా నవ్వాడు.

బస్సు కదిలింది. కిటికీ పక్కన కూర్చున్న రాధాకుమారికి తల్లి జ్ఞాపకం వచ్చింది. ఆమెకిచ్చిన మాట తప్పింది. ఆ బరువు దిగలేదు. ఎప్పటికైనా దిగుతుందని అనుకోనూ లేదు. మోయడానికి మాత్రం ఒప్పుకుంది.

వైశాఖంలో జగ్గారావు జక్రాన్‌పల్లి వచ్చాడు. క్యాంపు నుంచి ఆయన వెంట ఒక్కరూ రాలేదు. గుడివాడ నుంచి కబురు కూడా లేదు. అటు వైపు పెద్దమనుషులు కూడా కొందరు గోడకానుకుని, మొహాలు ముడుచుకునే కూర్చున్నారు. జగ్గారావు అటూ ఇటూ చూసి, కుర్చీ వద్దని పోశన్న మంచం మీదే ఓ పక్క కూర్చున్నాడు.

"నేను పిల్లనిచ్చి పంపిస్తాననలేను. మీ అబ్బాయిని నాకిమ్మనీ అడగలేను. వాళ్ళకి ఎక్కడ ఉండాలనుంటే అక్కడ ఉంటారు. మనిద్దరం ఒకళ్ళకొకళ్ళం కబురు పెట్టుకుంటూ ఉందాం" అన్నాడు.

పోశన్నకు పడిపోని చెయ్యి ఒకటి మిగిలింది. దాంతో జగ్గారావు మణికట్టు పట్టుకున్నాడు. తాంబూలాలు మార్చుకుందాం, చెయ్యి వదలమని హన్మవ్వ చెప్పినా చాలాసేపు వదల్లేదు.